డంజన్స్ అండ్ డ్రాగన్స్ పాత పుస్తకాలు, కొత్త పుస్తకాలు: విజయనగరం ఆటగాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారం మధ్యాహ్నాలు విజయనగరం కంటోన్మెంట్‌లో మా ఇంటి డాబా మీద డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డి అండ్ డి) ఆట వేస్తాం. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు అందులో ఒక్కో పాత్ర (క్యారెక్టర్) పట్టుకుని ఆడతారు, ఏ పని ఫలిస్తుందో డైస్ వేసి తేల్చుకుంటారు. ఈమధ్య బొబ్బిలి నుంచి, చీపురుపల్లి నుంచి, అప్పుడప్పుడు శ్రీకాకుళం నుంచి కూడా కొత్తవాళ్లు వస్తున్నారు. అందరూ ముందు పుస్తకాల సంగతే అడుగుతున్నారు. ఏది కొనాలి, ఇంట్లో ఉన్నది పారేయాలా, తెలుగులో ఉందా అని. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పిందే చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. తేదీలు, రూల్స్ ఉన్నవి ఉన్నట్టే రాశాను. ఏది మంచిదన్న చోట మాత్రం నా అభిప్రాయం చెప్పాను. ఆరేళ్లుగా డీఎంగా (డంజన్ మాస్టర్, అంటే ఆట నడిపేవాడు) కూర్చున్న అనుభవంతో చెబుతున్నది అది.

అసలు ఏం మారింది?

ఈ ఆటకు ముఖ్యమైన పుస్తకాలు మూడు. ఆడేవాళ్లకు ప్లేయర్స్ హ్యాండ్‌బుక్, ఆట నడిపేవాళ్లకు డంజన్ మాస్టర్స్ గైడ్, ఎదురయ్యే రాక్షసుల కోసం మాన్‌స్టర్ మాన్యువల్. ఐదో ఎడిషన్‌గా ఈ మూడూ 2014లో వచ్చాయి. పదేళ్ల తర్వాత విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ కంపెనీ మూడింటినీ తిరగరాసి మళ్లీ వేసింది. హ్యాండ్‌బుక్ 2024 సెప్టెంబర్ 17న, గైడ్ అదే ఏడాది నవంబర్ 12న, మాన్యువల్ 2025 ఫిబ్రవరి 18న వచ్చాయి. 2025 సెప్టెంబర్‌లో కొత్తవాళ్ల కోసం హీరోస్ ఆఫ్ ది బోర్డర్‌ల్యాండ్స్ అనే స్టార్టర్ సెట్ తెచ్చారు. నవంబర్‌లో ఫర్‌గాటెన్ రెల్మ్స్ ప్రపంచం మీద రెండు పుస్తకాలు వేశారు. ఇవన్నీ కొత్త రూల్స్‌కి తగ్గట్టు రాసినవే.

అయితే ఇది ఆరో ఎడిషనా?

కంపెనీ ఆ మాట అనడం లేదు. 2022 ఆగస్టులో దీన్ని "వన్ డి అండ్ డి" పేరుతో పరీక్షకు పెట్టారు, తర్వాత ఆ పేరు కూడా వదిలేశారు. ఇది ఐదో ఎడిషనే, సవరించిన ఐదో ఎడిషన్ అంటున్నారు. మా బల్ల దగ్గర మాత్రం "పాతది", "కొత్తది" అనే పిలుచుకుంటున్నాం. ఈ పేజీలోనూ అంతే.

రెండింటి పేరూ ఒకటే కదా, కొనేటప్పుడు ఎలా గుర్తుపట్టాలి?

ఈ ప్రశ్న ముందే అడిగి ఉంటే మా బల్లకు వచ్చే ఒక ఇంటర్ కుర్రాడి డబ్బులు మిగిలేవి. పండక్కి చుట్టాలిచ్చినవి, ట్యూషన్‌కి నడిచి వెళ్లి మిగిల్చిన ఆటో డబ్బులు అన్నీ కూడబెట్టి ఆన్‌లైన్‌లో హ్యాండ్‌బుక్ తెప్పించుకున్నాడు. ఫోటోలో ఉన్నది కొత్తది. డాబా మీద అందరి ముందూ పార్శిల్ విప్పితే బయటికొచ్చింది పాతది. "ఏటన్నా, పేరు ఇదే కదా?" అని అట్ట మీద వేలు పెట్టి నన్నే అడిగాడు. పేరు ఇదే మరి. వాడికేం చెప్పాలో నాకు తోచలేదు. అమ్మినవాళ్లు వెనక్కి తీసుకోలేదు.

కాబట్టి డబ్బు కట్టే ముందు రెండు చూడండి. ఒకటి అట్ట బొమ్మ. పాతదాని మీద నిప్పులాంటి ఎర్రటి వెలుగులో ఒక పెద్ద అగ్ని రాక్షసుడు ఉంటాడు. కొత్తదాని మీద ముందు వీరుల గుంపు, వెనక బంగారు డ్రాగన్ ఉంటాయి. రెండోది పేజీల లెక్క. పాతది 320, కొత్తది 384. అమ్మేవాళ్లు ఫోటో ఒకటి పెట్టి సరుకు ఇంకొకటి పంపొచ్చు కాబట్టి పేజీలెన్నో మెసేజ్ పెట్టి అడిగి, జవాబు వచ్చాకే ఆర్డర్ పెట్టండి.

ఇంట్లో పాత పుస్తకం ఉంది. పారేయాలా?

వద్దు. ఆ పుస్తకంతో పదేళ్లు లోకమంతా ఆడింది, మీరు ఇంకో పదేళ్లు ఆడొచ్చు.

ఆ కుర్రాడు కూడా తన పాత పుస్తకంతోనే ఆడుతున్నాడు. అట్ట ఊడొస్తే వాళ్ల నాన్న బైండింగ్ చేయించి తెచ్చారు.

ఒకే బల్ల దగ్గర కొందరు పాతది, కొందరు కొత్తది పట్టుకుని ఆడొచ్చా?

ఆడొచ్చు. కానీ ముందే ఒక మాట అనుకోవాలి. అనుకోకపోతే ఏమవుతుందో మేం చూశాం.

ఒకరోజు ఆటలో గుహ నడిమధ్య మా ఫైటర్ పడిపోయాడు, ప్రాణం సున్నా. బల్ల దగ్గర క్లెరిక్‌లు (దేవుడి శక్తితో గాయాలు మాన్పేవాళ్లు) ఇద్దరున్నారు. ఒకమ్మాయి పాత పుస్తకం చూసి తన క్యారెక్టర్ షీట్ రాసుకుంది, ఆమె పక్కన కూర్చున్న అక్క కొత్తది చూసి రాసుకుంది. ముందు అమ్మాయి వంతు వచ్చింది. గాయాలు మాన్పే హీలింగ్ వర్డ్ మంత్రం చదివి నాలుగు ముఖాల డైస్ ఒకటి వేసింది. ఒకటి పడింది. తర్వాత అక్క వంతు. అదే హీలింగ్ వర్డ్, కానీ నాలుగు ముఖాల డైస్ రెండు వేసింది. ఏడు వచ్చింది. అమ్మాయి డైస్ బల్ల మీద పెట్టేసి, "ఇద్దరిదీ ఒకే దేవుడు, ఒకే మంత్రం. ఆవిడకి రెండెందుకు?" అంది. న్యాయమైన ప్రశ్న. పాత పుస్తకంలో ఆ మంత్రానికి ఒకటే డైస్, కొత్తదాంట్లో రెండు. క్యూర్ ఊండ్స్ కూడా అంతే, ఎనిమిది ముఖాల డైస్ ఒకటి కాస్తా రెండయింది. ఇద్దరూ తప్పు చేయలేదు. ముందే మాట్లాడుకోనందుకు ఆట అరగంట ఆగిపోయింది.

ఆ రోజు టీ తాగుతూ పెట్టుకున్న ఒప్పందమే ఇప్పటికీ నడుస్తోంది. మంత్రాలు, సాధారణ రూల్స్ అందరికీ కొత్తవే. అవి ఉచితంగా దొరుకుతాయి, ఎక్కడన్నది కింద చెప్పాను. క్లాస్ (ఫైటర్, క్లెరిక్ లాంటి క్యారెక్టర్ రకం) మాత్రం ఎవరి పుస్తకంలోది వాళ్లు తీసుకోవచ్చు కానీ ఒక క్యారెక్టర్‌కి ఒకే పుస్తకం, సగం అందులోంచి సగం ఇందులోంచి ఏరుకోకూడదు. పాత సాహసకథల పుస్తకాలు నిస్సందేహంగా వాడుకోవచ్చు. ఊళ్లూ గుహలూ మనుషులూ ఏమీ మారలేదు కదా.

పాత సబ్‌క్లాస్‌ని (క్లాస్‌లో ఎంచుకునే ప్రత్యేక దారిని) కొత్త క్లాస్‌కి తగిలించాలంటే ఒకటి గుర్తుంచుకోండి. కొత్తదాంట్లో అందరికీ సబ్‌క్లాస్ మూడో లెవెల్లోనే వస్తుంది. పాతదాంట్లో కొందరికి ఒకటిలోనో రెండులోనో వచ్చేది. అలాంటివాళ్లు మూడు దాకా ఆగాలి.

రూల్స్‌లో ఆడేటప్పుడు బాగా తెలిసే మార్పులు ఏవి?

నాకు బాగా నచ్చింది వెపన్ మాస్టరీ. పాతదాంట్లో కత్తి పట్టినా గొడ్డలి పట్టినా డైస్ సైజు తేడా తప్ప పెద్దగా ఏమీ ఉండేది కాదు. కొత్తదాంట్లో ఒక్కో ఆయుధానికి ఒక్కో పట్టు ఇచ్చారు. మామూలు పొడుగు కర్రతో కొడితే అవతలివాడు తట్టుకోలేక కింద పడిపోయే అవకాశం ఉంది. మా బల్ల దగ్గర కర్రసాము నేర్చుకున్నాయన ఒకరున్నారు. ఈ రూల్ చదివి ఆయన లేచి నిలబడి, చేతిలో కర్ర లేకపోయినా కాళ్ల మీద కొట్టే దెబ్బ ఎలా ఉంటుందో చూపించారు. మంత్రాలు రానివాళ్లకి కూడా తమ వంతులో ఆలోచించడానికి ఏదో ఒకటి దొరికింది. ఫైటర్, బార్బేరియన్, పాలడిన్, రేంజర్, రోగ్ ఐదుగురికీ ఇది వర్తిస్తుంది.

గాయాలు మాన్పే హీలింగ్ పోషన్ తాగడానికి ఇదివరకు ఒక యాక్షన్ (మన వంతులో చేసే ముఖ్యమైన పని) మొత్తం పోయేది, ఇప్పుడు బోనస్ యాక్షన్‌తో (అదే వంతులో అదనంగా చేసే చిన్న పనితో) సరిపోతుంది. చాలా బల్లల దగ్గర ఎప్పటి నుంచో ఇలాగే ఆడేవాళ్లం. అలసట లెక్క కూడా తేలికైంది. పాతదాంట్లో ఆరు మెట్లకు ఆరు రకాల బాధలు, పట్టిక తీసి చూడాల్సి వచ్చేది. ఇప్పుడు ప్రతి మెట్టుకీ ఇరవై ముఖాల డైస్‌లో పడిన అంకెలోంచి రెండు తగ్గించుకోవాలి, నడకలో ఐదు అడుగులు తగ్గించుకోవాలి. ఆరో మెట్టుకి ప్రాణం పోవడం మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే.

ఇక జాతుల సంగతి. "రేస్" అనే మాట తీసేసి "స్పీసీస్" అన్నారు. బలం, తెలివి లాంటి అంకెలు పెరగడం పుట్టిన జాతిని బట్టి కాకుండా, ఇప్పుడు బ్యాక్‌గ్రౌండ్‌ని బట్టి వస్తుంది. అంటే మీ క్యారెక్టర్ ఎక్కడ పుట్టిందన్నది కాక ఏ పని చేసి బతికిందన్నది లెక్కలోకొస్తుంది. ఈ మార్పుని నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. ఆటలో కూడా పుట్టుకతోనే ఒకడు తెలివైనవాడు, ఒకడు మొద్దు అని రాసి ఉండటం పిల్లలకు వివరించడం నాకు ఎప్పుడూ కష్టంగానే ఉండేది. కొత్త హ్యాండ్‌బుక్‌లో పది స్పీసీస్ ఉన్నాయి. ఆర్క్, గోలియాత్, ఆసిమార్ చేరాయి. హాఫ్ ఎల్ఫ్, హాఫ్ ఆర్క్ పోయాయి. వాటి మీద మమకారం ఉన్నవాళ్లు పాత పుస్తకంలోవి తెచ్చుకుని ఆడండి, నాకు అభ్యంతరం లేదు.

కొత్త మాన్‌స్టర్ మాన్యువల్ కొనాలా?

ఆట నడిపేవాళ్లు తప్ప ఎవరూ కొనక్కర్లేదు. 500కి పైగా రాక్షసులున్నారు, దెబ్బలు గట్టిగా తగులుతాయి. ఉదాహరణకి తోడేలు. పాతదాంట్లో కరిచాక కింద పడకుండా తట్టుకోవడానికి డైస్ వేసే అవకాశం, అంటే సేవింగ్ త్రో, ఉండేది. ఇప్పుడు కరిస్తే పడటమే. కొత్త లెవెల్ ఒకటి క్యారెక్టర్లతో తోడేళ్ల గుంపు మీదికి వెళ్లేముందు ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

డంజన్ మాస్టర్స్ గైడ్‌లో కొత్తగా ఏముంది?

బాస్టియన్లు. ఐదో లెవెల్ వచ్చాక ప్రతి క్యారెక్టరూ తనకంటూ ఒక స్థావరం కట్టుకోవచ్చు. అందులో గదులు, పనివాళ్లు, ఏడు రోజులకోసారి అక్కడ ఏం జరిగిందో చూసుకునే పద్ధతి ఉంటాయి. విజయనగరంలో, బొబ్బిలిలో పెరిగినవాళ్లకి కోట అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. 1757 జనవరి 24 నాటి బొబ్బిలి యుద్ధం కథ బుర్రకథలో వింటూ పెరిగినవాళ్లం. మా బల్లకు ఈ ఊరివాళ్లూ ఆ ఊరివాళ్లూ ఇద్దరూ వస్తారు కాబట్టి ఆ యుద్ధాన్ని ఆటగా ఎప్పుడూ వేయలేదు, వేయను. కానీ బొబ్బిలి నుంచి వచ్చే తమ్ముడొకడు తన బాస్టియన్‌లో వర్క్‌షాప్ పెట్టి, అందులో పనస మొద్దులు తొలిచి వీణలు చేసే పనివాళ్లని కూర్చోబెట్టాడు. వాళ్ల గొల్లపల్లిలో చేసినట్టే, ఒకే మొద్దులోంచి. ఆ వీణ ఇప్పుడు మా కథలో ఒక రాజు దగ్గర ఉంది. దాన్ని వెనక్కి తేవడానికే మూడు నెలలుగా ఆడుతున్నాం.

డి అండ్ డి బియాండ్‌లో (ఈ పుస్తకాలు ఆన్‌లైన్‌లో అమ్మే కంపెనీ సైట్‌లో) కొన్నవి ఉంటాయా, పోతాయా?

ఉంటాయి. కానీ జాగ్రత్త పడాల్సిన కథ ఒకటుంది. 2024 ఆగస్టులో ఆ సైట్‌లో క్యారెక్టర్ షీట్లలోని పాత మంత్రాల్ని, మాయా వస్తువుల్ని కొత్తవాటితో మార్చేస్తామని ప్రకటించారు. డబ్బిచ్చి కొన్నవాళ్లు గట్టిగా అడిగేసరికి కొద్దిరోజుల్లోనే ఆ మాట వెనక్కి తీసుకున్నారు. అదే ఏడాది అంతకుముందే ఒక సబ్‌క్లాస్, ఒక రాక్షసుడు అంటూ ముక్కలుగా కొనుక్కునే వీలు తీసేశారు. చిన్న ఊళ్లో కొద్ది డబ్బుతో ఆడేవాళ్లకి ఆ చిల్లర కొనుగోలే ఆధారం. అది పోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. కాగితం పుస్తకాన్ని మాత్రం రాత్రికి రాత్రి ఎవరూ మార్చలేరు.

ఇలా మార్చడం ఇదే మొదటిసారా?

కాదు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ఈ ఆటను 1974లో తెచ్చారు, వేసిన కంపెనీ టీఎస్ఆర్. 1977 నుంచి బేసిక్, అడ్వాన్స్‌డ్ అని రెండు దారులుగా నడిచింది. 1989లో అడ్వాన్స్‌డ్‌కి రెండో ఎడిషన్ వచ్చింది. 1997లో టీఎస్ఆర్‌ని విజార్డ్స్ కొనేసింది, రెండేళ్లకు విజార్డ్స్‌ని హాస్బ్రో కొనేసింది. 2000లో మూడో ఎడిషన్, 2003లో దానికే సవరణ, 2008లో నాలుగు, 2014లో ఐదు. మార్చిన ప్రతిసారీ కొందరు పాతదాంతోనే ఉండిపోయారు, ఇప్పటికీ హాయిగా ఆడుకుంటున్నారు.

ఇలాంటిదే ఇంకో ఆట పాత్‌ఫైండర్ ఉంది కదా, వాళ్లు కూడా ఎందుకు మార్చారు?

దీనికి 2023 జనవరి సంగతి తెలియాలి. 2000లో విజార్డ్స్ తన రూల్స్‌ని ఓపెన్ గేమ్ లైసెన్స్ కింద ఇచ్చింది. ఆ రూల్స్ ఆధారంగా ఎవరైనా పుస్తకాలు వేసుకోవచ్చు. నాలుగో ఎడిషన్ నచ్చనివాళ్ల కోసం పైజో కంపెనీ 2009లో పాత్‌ఫైండర్ తెచ్చింది ఆ లైసెన్స్ అండతోనే. 2023 జనవరిలో ఆ లైసెన్స్‌ని రద్దు చేసి కొత్తది పెట్టాలన్న ముసాయిదా బయటపడింది. ఏడాదికి 7,50,000 డాలర్లు దాటిన రాబడి మీద 25 శాతం దాకా రాయల్టీ కట్టాలన్నది అందులో ఒక షరతు. ఆటగాళ్లు, చిన్న ప్రచురణకర్తలు తిరగబడ్డారు. జనవరి 27న విజార్డ్స్ వెనక్కి తగ్గింది.

పైజో మాత్రం ఇక ఆ నీడలో ఉండదలచుకోలేదు. ఓఆర్‌సీ అనే వేరే ఓపెన్ లైసెన్స్ ముందుకు తెచ్చి, పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్‌ని రీమాస్టర్ పేరుతో తిరగరాసింది. ప్లేయర్ కోర్, జీఎం కోర్ 2023 నవంబర్‌లో వచ్చాయి. అలైన్‌మెంట్ (క్యారెక్టర్ మంచివాడా చెడ్డవాడా అనే ముద్ర) తీసేశారు, మ్యాజిక్ మిసైల్ అనే మంత్రం పేరు ఫోర్స్ బ్యారేజ్ అయింది. పాత్‌ఫైండర్ రూల్స్ ఆర్కైవ్స్ ఆఫ్ నెథిస్ అనే సైట్‌లో కంపెనీ ఒప్పుకోలుతోనే ఉచితంగా దొరుకుతాయి. లెక్కలు ఇష్టపడేవాళ్లకి అది చక్కటి ఆట.

డబ్బు పెట్టకుండా ఆడొచ్చా? జిరాక్స్ తీయించుకోవచ్చా?

హ్యాండ్‌బుక్ జిరాక్స్ తీయించకండి. ఆ అవసరమే లేదు. విజార్డ్స్ వెనక్కి తగ్గిన రోజునే ఐదో ఎడిషన్ ముఖ్యమైన రూల్స్ అన్నీ ఉన్న ఎస్ఆర్‌డీ 5.1 అనే పత్రాన్ని, ఎవరైనా వాడుకునేలా, క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద ఇచ్చేసింది. 400 పేజీల పీడీఎఫ్. కొత్త రూల్స్ ఉన్న ఎస్ఆర్‌డీ 5.2 కూడా 2025 ఏప్రిల్‌లో అదే లైసెన్స్‌తో వచ్చింది. డౌన్‌లోడ్ చేసుకోండి, ఎన్ని కాపీలైనా తీయించుకోండి. ఇవి ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోలేని లైసెన్స్‌లు.

ఇందులో అన్నీ ఉండవు. పన్నెండు క్లాసులున్నాయి కానీ ఒక్కోదానికి ఒకే సబ్‌క్లాస్. ఏడాది ఆడటానికి అది చాలు. అప్పటికీ ఇష్టం తగ్గకపోతే నలుగురూ కలిసి ఒక కొత్త హ్యాండ్‌బుక్ కొనండి. మా బల్లకు కొత్త హ్యాండ్‌బుక్ ఒక్కటే ఉంది, వారానికొకరి ఇంటికి వెళ్తుంది.

తెలుగులో ఎప్పుడు వస్తుంది?

కంపెనీ ఎస్ఆర్‌డీ 5.1ని ఇంగ్లీషుతో పాటు ఫ్రెంచ్, జర్మన్, ఇటాలియన్, స్పానిష్ భాషల్లో ఇచ్చింది. తెలుగులో లేదు. కానీ ఈ పేజీ మొత్తంలో నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది. ఆ లైసెన్స్ ప్రకారం మనమే తెలుగు చేసుకోవచ్చు. ఎవరి అనుమతీ అడగక్కర్లేదు. ఎవరి రచన ఆధారంగా చేశామో, ఏ లైసెన్స్ కిందో, ఏం మార్చామో రాస్తే చాలు. అచ్చు వేయొచ్చు, అమ్ముకోవచ్చు కూడా. ఆట పేరు, లోగో మాత్రం మనవిగా వాడకూడదు. ఐదో ఎడిషన్‌కి సరిపోతుంది అని రాసుకోవచ్చు. కొత్త హ్యాండ్‌బుక్ కన్నా, అగ్ని రాక్షసుల కన్నా, మన ఊళ్లకి ఈ మార్పే పెద్దది. ఇంగ్లీషు మీడియం చదవని పిల్లలు మా డాబా మెట్ల మీద కూర్చుని చూస్తుంటారు. పిలిస్తే, "మాకు ఇంగ్లీషు రాదండి" అంటారు. కథ చెప్పమంటే మాత్రం వాళ్లలో ఒకడు తప్పెటగుళ్లు వాళ్లని మించి చెబుతాడు.

అందుకే మొదలుపెట్టాం. ముందు ఒకటి నుంచి మూడు లెవెళ్ల వరకు సరిపడా రూల్స్ తెలుగు చేస్తున్నాం. మాటలు నిఘంటువులోంచి తీయడం లేదు, ఆడేటప్పుడు నోటికొచ్చినవే రాసుకుంటున్నాం. హిట్ పాయింట్స్‌ని బల్ల దగ్గర అందరూ "ప్రాణం" అనే అంటారు, "నాకు నాలుగు ప్రాణమే మిగిలింది" అని. అదే రాశాం. స్నీక్ అటాక్‌కి "దొంగదెబ్బ" కన్నా మంచి మాట ఎవరూ తేలేరు. గ్రాపుల్ అంటే "కలబడటం". క్లెరిక్‌ని "పూజారి" అని రాస్తే చదివేవాళ్లకి సిరిమాను మీద కూర్చున్న పైడితల్లి అమ్మవారి పూజారి గుర్తొస్తున్నాడు తప్ప గద పట్టుకుని యుద్ధానికి వెళ్లేవాడు కాదు. అందుకని క్లెరిక్ అనే ఉంచాం.

ఆటకు వచ్చేటప్పుడు ఏం తెచ్చుకోవాలి?

పెన్సిల్, రబ్బరు. డైస్ మా దగ్గర ఉన్నాయి. సిరిమాను పండగ వారం ఆట ఉండదు, ఆ జనంలో మూడు లాంతర్ల నుంచి ఇటు రావడమే కష్టం.

ఇంకా తెలుగు మాట దొరకనివి ఏవి?

సేవింగ్ త్రో, ఇనిషియేటివ్ (ఎవరి వంతు ముందో తేల్చేది), కాన్సన్‌ట్రేషన్ (వేసిన మంత్రం చెదరకుండా నిలుపుకోవడం). సేవింగ్ త్రోకి ఇప్పటికి "తట్టుకునే పందెం", "గండం పాచిక" అని రెండు మాటలు వచ్చాయి, సగం మంది దీనికీ సగం మంది దానికీ ఓటేశారు. డైస్ డబ్బా పక్కన ఎర్రట్ట నోట్‌బుక్ ఉంటుంది. మీకేదైనా తడితే అందులో రాసి, పక్కన మీ ఊరి పేరు కూడా వేయండి.